రాతి గుడిలో మా ఆయన గొంతు

దయ్యాల మాటెత్తితే నాకు మొదటి నుంచీ చిరాకే. మా పుట్టింటి వెనక గోడే కబరస్తాన్ గోడ. ఉతికిన దిండు గలీబులు సమాధుల మీద ఆరేసుకుని, వాటి మధ్యే దాగుడుమూతలు ఆడుకుని పెరిగినదాన్ని. అక్కడ ఏదో కనిపించిందని ఎవరైనా వణుకుతూ వస్తే ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయంటే ఒప్పుకోను. ఇక్కడ రాసేది మాత్రం జరిగింది. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, చదివి నొచ్చుకునేవాళ్లు బతికి ఉన్నారు. ఇప్పుడు మా అత్తమ్మ లేదు. మిగిలినవాళ్లూ పోయారు. ఇక నొచ్చుకోవడానికి నేనొక్కదాన్నే, అది నాకు అలవాటే.

మాది దూదేకుల ఇల్లు. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేటలో ముందు గదిలో దూది ఏకే పని, వెనక గదిలో కాపురం. పోలీస్ యాక్షన్‌కు ముందు ఏడాది నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. భర్త పేరు భార్య పలకకూడదని మా ఇళ్లలో కట్టు. పలకనన్నాను గానీ రాయనని ఎవరికీ మాటివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. ఆయన పేరు ఖాజా.

మంచివాడా చెడ్డవాడా అని అడిగితే చెప్పలేను. తెలుసుకునేంత కాలం నాతో లేడు. పరుపుల మూలలు చక్కగా మడిచి కుట్టేవాడు. దూది దుమ్ము గొంతులో పేరుకుపోయి, ఏ మాటకైనా ముందు చిన్నగా రెండు దగ్గులు దగ్గేవాడు. ఆ దగ్గు వినిపించిందంటే ఆయన నోరు విప్పబోతున్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మరుసటి ఏడు వానల్లో ఆయనా, తోటి పనివాడు హుసేనూ కలిసి బీదర్ దాటి ఒక మరాఠీ ఊరికి పోయారు. అక్కడి పటేల్ ఇంట్లో దీపావళి తర్వాత పెళ్లి. ఇంటికంతటికీ పరుపులు, రజాయిలు కుట్టాలి. ఊరి పేరు రాయను. ఆ పటేల్ మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వాళ్లు చేసిందేమీ లేదు.

వాళ్లు పోయిన కొద్ది రోజులకే ఇండియా ఫౌజు వచ్చింది. సికింద్రాబాద్‌లో మాకు పెద్దగా ఏమీ కాలేదు. తలుపులు బిడాయించుకుని కూర్చున్నాం, తెరిచేసరికి రాజ్యం మారిపోయింది. బొల్లారం వైపు పోయే ఫౌజు లారీల వెంట పిల్లలు పరుగెత్తారు. మోండా మార్కెట్‌లో కూరగాయలు మళ్లీ ఎప్పటిలాగే వచ్చాయి.

పడమటి జిల్లాల్లో అలా జరగలేదు. అంతకు ముందు రజాకార్లు ఆ ఊళ్ల మీద పడి చేసినవి తక్కువేమీ కావు. కసి తీర్చుకునే రోజు వచ్చేసరికి చేసినవాళ్లు పారిపోయారు. గాజులమ్మేవాళ్లు, సున్నం కొట్టేవాళ్లు, మాలాంటి దూదేకేవాళ్లు చేతికి దొరికారు. అటు నుంచి రైలు దిగినవాళ్లు ఆ సంగతులు చెప్పేవాళ్లు. వాళ్లలో మా ఆయన లేడు, హుసేనూ లేడు.

ఏడాది గడిచింది. మా మేనమామ ఒక సంబంధం మాట్లాడాడు. మోండా మార్కెట్‌లో తాళ్లు, చేటలు అమ్మే దుకాణం అతనిది. మొదటి భార్య పురిట్లో పోయింది. చేటలు కొనే నెపంతో మామ నన్ను తీసుకుపోతే, అతను తల వంచుకుని, గట్టి చేట ఏదో ఏరి మరీ ఇచ్చాడు. నాకు నచ్చాడు. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

మసీదు ఇమాం సాబ్ నియమం చెప్పాడు. ఖాజా చచ్చిపోవడం చూసినవాళ్లు దొరికితే నాకు దారి ఉంది. మొగుడు పోయిన ఆడది మళ్లీ నికా చేసుకునే ముందు నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టున ఉండాలి, దాన్నే ఇద్దత్ అంటాం. అది గడిస్తే పెళ్లి చేయవచ్చు. ఏ కబురూ లేకుండా మాయమైతే నాలుగేళ్లు ఆగి పెళ్లి తెంపుతారు. బతికున్నట్టు కబురొస్తే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

అందుకని నేనూ అత్తమ్మా ఆ ఊరికి బయల్దేరాం. మేనమామ స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించాడు. కొడుకు బతికున్నాడని వినడానికి అత్తమ్మ వస్తోంది. చచ్చాడని వినడానికి నేను పోతున్నాను. పద్దెనిమిదేళ్ల పిల్ల అటో ఇటో తేలిపోవాలని కోరుకోవడం నేరమని నేననుకోను. రైల్లో ఇద్దరం ఒకే మూటలోంచి రొట్టె తుంచుకుని తిన్నాం గానీ, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పటేల్ మమ్మల్ని బాగా చూసుకున్నాడు. యాభై దాటిన మనిషి, పెద్ద పాగా, నెమ్మదైన మాట. జొన్న రొట్టె, పాలు పెట్టించాడు. కూర్చోమని వేసిన పరుపు మా ఇంటి కుట్టే, మూల మడత చూడగానే తెలిసింది. అత్తమ్మ ఆ మూలను చేత్తో నిమురుతూ కూర్చుంది. పటేల్ అది చూసి చూపు తిప్పుకున్నాడు.

ఆయన మాతో ఉర్దూలో చెప్పింది ఇది. గొడవ ముదిరిన రోజున దూదేకేవాళ్లిద్దరూ ఊరు విడిచారు. గుట్ట మీద పాత గుహల గుడి ఉంది, అందులో కొందరు దాక్కున్నారని విన్నాడు. తర్వాత చూస్తే ఎవరూ లేరు. షోలాపూర్ వైపు పోయి ఉంటారు. చచ్చారని తనకైతే తెలియదు.

అత్తమ్మ గుడి చూడాల్సిందేనని పట్టుబట్టింది. పటేల్ కాసేపు నాన్చుతూ కూర్చున్నాడు. దారి బాగుండదన్నాడు, తేనెటీగలున్నాయన్నాడు. చివరికి బండి కట్టించి తానే వచ్చాడు. ఆడవాళ్లను ఒంటరిగా పంపడం మర్యాద కాదనుకున్నాడేమో అనుకున్నాను అప్పుడు.

అది బుద్ధుడి గుడి. ఎన్ని వందల ఏళ్ల కిందటిదో నాకు తెలియదు. గుట్ట నడుము దగ్గర రాయిని తొలిచి పెద్ద హాలు చేశారు. రెండు వరసల స్తంభాలు, చివర రాతి గుమ్మటం, దాని ముందు కూర్చున్న బుద్ధుడు. ముక్కు పగిలి ఉంది. ఊరివాళ్లు ఆయన్ని ఏ దేవుడనుకున్నారో ఏమో, నూనె రాసి సిందూరం పెట్టారు. రెండు పక్కలా చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో రాతి అరుగు. పూర్వం సన్యాసులు పడుకునేవాళ్లట. నైజాం సర్కారు వాళ్లు పాతిన బోర్డు బయట ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. లోపలంతా గబ్బిలాల కంపు.

నేను చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. పట్టపగలు, ఎండ గుమ్మంలోంచి సగం హాలు దాకా పడుతోంది. మొత్తం ఒకే రాయి, గోడలో పగులు లేదు, వెనక దారి లేదు. నేల మీద బూడిదలాంటి దుమ్ము. అందులో మేకల గిట్టల గుర్తులు తప్ప మనిషి అడుగులు మావే. అత్తమ్మ హాలు మధ్యలో నిలబడింది, నేను ఆమె పక్కన. పటేల్ లోపలికి రాలేదు. మా వెనక, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

అత్తమ్మ కొడుకును పేరు పెట్టి పిలిచింది. అలాంటి చోట ఏమవుతుందో అదే అయింది. ఆమె గొంతే చుట్టూ తిరిగి, స్తంభాల మధ్య నలిగి, సన్నబడి ఆగిపోయింది. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ అలాగే తిరిగి ఆగింది.

మూడోసారి అంతా సద్దుమణిగాక, ఎడమ వైపు గదుల్లోంచి చిన్నగా రెండు దగ్గులు వినిపించాయి.

తర్వాత మాట. పెద్దగా అరిచింది కాదు, పక్క గదిలో పని మధ్యలో ఉన్న మనిషి అన్నట్టు. "ఆరౌం. జర ఠైరో." వస్తున్నా, కాస్త ఆగు అని. మూడు మాటలు. ప్రతి మాటా నాకు విడివిడిగా వినిపించింది. అది మా ఆయన గొంతు.

అత్తమ్మ ఆ వైపు పరుగెత్తింది. నేనూ వెంటపడ్డాను. ఒక్కో గదీ చూశాం. అరుగుల కింద, మూలల్లో, బుద్ధుడి వెనక, అంతా వెతికాం. ఎవరూ లేరు. ఆ గదుల్లో దుమ్ము చెదరలేదు, మేకల గుర్తులు కూడా లేవు. మేం వెతుకుతున్నంతసేపూ ఇంకో మాట వినిపించలేదు.

మేం వినికిడి భ్రమలో పడ్డామని మీరు అనవచ్చు. నేనూ అదే అనుకునేదాన్ని, పటేల్ లేకపోతే. తిరిగి వచ్చేసరికి ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడి ఉన్నాడు. పాగా జారి మెడలో పడింది. నోరు తెరిచి ఉంది. నేనే అడిగాను, మీరూ విన్నారా అని. విన్నానని తల ఊపాడు. బండివాడు కింది నుంచి వచ్చి రెక్క పట్టుకుని దించాల్సి వచ్చింది. అంత వయసు మనిషి దడుసుకోవడం సహజమే అనుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం నాకు రైల్లో మళ్లీ మళ్లీ గుచ్చుకుంది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడరు. దూదేకుల ఇళ్లలో తల్లీబిడ్డల మాట తెలుగే. ఉర్దూ బయటివాళ్ల కోసం, బేరగాళ్ల కోసం. అమ్మ పిలిస్తే ఆయన ఉర్దూలో పలకడమేమిటి? ఆ మాటే అత్తమ్మతో అన్నాను.

"పరాయి ఊళ్ల ఏడాది సంది ఉంటుండు గద బిడ్డా, అలవాటైంది" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

ఇంటికి వచ్చాక పెద్దలు కూర్చున్నారు. అత్తమ్మ ఖురాన్ మీద చెయ్యేసి తాను విన్నది చెప్పింది. ఇమాం సాబ్ నా వైపు తిరిగి నువ్వు విన్నావా అని అడిగాడు. మేనమామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వినలేదని చెప్పు అంటున్నాయి ఆయన కళ్లు. నేను విన్నానన్నాను. విన్నాను కాబట్టి. నిజం చెబితే మంచి జరుగుతుందని చిన్నప్పుడు నేర్పినవాళ్లు ఎదురైతే ఒకటి రెండు అడగాలని ఉంది.

కబురు వచ్చింది కాబట్టి మాయమైన మనిషి కాడు. నాలుగేళ్ల లెక్క కూడా నాకు వర్తించదు. బతికున్నవాడి పెళ్లాన్ని.

తాళ్ల దుకాణం అతను కొంతకాలం చూసి, మల్కాజిగిరి పిల్లను చేసుకున్నాడు. పెళ్లి పరుపు మా ఇంటికే వచ్చింది, చుట్టుపక్కల దూది పని మాదే మరి. మగవాళ్లు లేని ఇల్లు కాబట్టి దూది ఏకే విల్లు పట్టడం నేను నేర్చుకున్నాను. ఆ పరుపులో దూది ఏకింది నేనే, కుట్టింది నేనే. మూలలు చక్కగా వచ్చాయని అత్తమ్మ మెచ్చుకుంది.

అత్తమ్మ చెడ్డది కాదు. ఆ గొంతు ఆమెను అలా చేసింది. రోజూ కొడుకు పళ్లెం కడిగి పెట్టేది. నా నల్లపూసలు తెగితే తనే కూర్చుని గుచ్చేది. పండుగ పండుగకీ గాజులవాడిని పిలిచి, ఎరుపువే వెయ్యి అనేది. నేను వద్దంటే చెయ్యి గట్టిగా పట్టుకునేది. "నా కొడుకు వచ్చెటాళ్లకు నువ్వు బోడి చేతులతోని కనవడుతవా?" అనేది. పేటలో పెళ్లిళ్లకు ముత్తైదువులకు చేసే మర్యాదలన్నీ నాకూ చేసేవాళ్లు. చేస్తూ ఒకరినొకరు చూసుకునేవాళ్లు.

ఏటా ఒకసారి ఆమె గుట్టకు పోయేది. మొదట్లో నన్నూ లాక్కుపోయింది. పటేల్ మళ్లీ ఎప్పుడూ మాతో పైకి రాలేదు. ఒంట్లో బాగాలేదని బండివాడిని పంపేవాడు. అత్తమ్మ గొంతు పోయేలా పిలిచేది. ఆమె పిలుపే తిరిగి వచ్చేది తప్ప ఏ జవాబూ రాలేదు. "ఇయ్యాల పనిల ఉన్నడు" అని దిగి వచ్చేది. ఒకసారి నాకు కోపమాగక, అయితే నన్నూ ఆ పనిలోనే పెట్టుకోమను అన్నాను. చెంప పగలగొట్టింది.

అలా పదేళ్లు దాటిపోయాయి. హైదరాబాద్ స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను పరుపుకు సూదితో టాకాలు వేస్తుంటే, గుమ్మంలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తల నెరిసింది, కుడికాలు ఈడుస్తున్నాడు. అతనే ముందు వదినె అని పిలిచాడు. హుసేన్.

ఇన్నేళ్లూ షోలాపూర్ మిల్లులో ఉన్నాడట. ఊళ్లో గొడవ మొదలవగానే ఇద్దరూ గుట్టెక్కారు. దారిలో పడి హుసేన్ కాలు విరిగింది. మా ఆయన అతన్ని మోసుకుపోయి చివరి గదిలో పడుకోబెట్టి, తాను గుమ్మానికి దగ్గరగా ఉండే గదిలో కూర్చున్నాడు. మర్నాడు బయటి నుంచి ఎవరో ఖాజా అని పేరు పెట్టి పిలిచారు. అంతా సద్దుమణిగింది, ఇంటికి రా అన్నారు. అది పటేల్ గొంతు. ఆ ఎండాకాలమే పటేల్ తమ్ముణ్ణి రజాకార్లు చంపారు. అది హుసేన్‌కు తెలుసు, మా ఆయనకూ తెలుసు. అయినా వాళ్ల ఇంట్లో అన్నం తింటున్నవాడు, నమ్మాడు. జవాబిచ్చి, నడుముకు తువ్వాలు చుట్టుకుని బయటికి పోయాడు. గుమ్మం మెట్టు దాటలేదు.

పటేలూ వెంట వచ్చినవాళ్లూ వెళ్లిపోయాక హుసేన్ పాక్కుంటూ వచ్చి, శవాన్ని గుట్ట వెనక రాళ్ల కింద చేతనైనట్టు పూడ్చాడు.

"నేను కుయ్యిమనలే వదినె. నోట్ల గుడ్డ కుక్కుకొని పండుకున్న. గా పని జేసి మీ మొఖం ఎట్ల సూడాలె?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు, ఎందుకో మరి.

అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని అంతా వింది. ఏడవలేదు. చివరికి ఒకటే అడిగింది.

"పటేల్ పిలిస్తే నా కొడుకు ఏమన్నడు?"

హుసేన్ చెప్పాడు. "ఆరౌం, జర ఠైరో అన్నడు పెద్దమ్మా."

"ఉర్దూలనా?"

"పటేల్‌కు తెలుగు రాదు గద."

గుట్ట మీద మేం విన్న సంగతి హుసేన్‌కు ఎవరూ చెప్పలేదు. షోలాపూర్ నుంచి తిన్నగా మా గుమ్మంలోకి వచ్చిన మనిషి. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్పగలను.

అత్తమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ లాగి గడపకేసి కొట్టింది. ఎర్ర గాజులు పగిలాయి. ఒక పెంకు మణికట్టులో దిగి రక్తం వచ్చింది. ఆమె చూడలేదు, వెనక గదిలోకి పోయి పడుకుంది. ఆ తర్వాత ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. నన్ను కూడా.

మర్నాడు మేనమామనూ హుసేన్‌నూ వెంటబెట్టుకుని ఇమాం సాబ్ దగ్గరికి పోయాను. అప్పటికి ఆయన బాగా ముసలివాడయ్యాడు. హుసేన్ సాక్ష్యం విని, కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగాను.

"నీ ఇద్దత్ ఎప్పుడో అయిపోయింది బిడ్డా" అన్నాడు. "మనిషి పోయిన దినం సంది లెక్క. నీకు తెలిసినా తెల్వకపోయినా గంతే. మీరు ఆ గుట్టకు పోకముందే నీకు ఛుట్టీ అయింది. ఇప్పుడు కూసునుడు అవసరం లేదు."

అంటే మేనమామ నన్ను చేటల దుకాణానికి తీసుకుపోయిన రోజునే నేను పెళ్లి చేసుకోవచ్చు. నన్ను ఆపడానికి షరియత్ లేదు, మొగుడు లేడు, ఎవరూ లేరు. ఏడవడానికైనా కొన్నాళ్లు కూర్చుంటాను సాబ్ అన్నాను. దానికి నియమం లేదన్నాడు. ఇంటికి వచ్చి, మధ్యలో ఆపిన పరుపుకు టాకాలు వేశాను. ఇచ్చే రోజు దగ్గరికొచ్చింది మరి.

తర్వాత నాకు సంబంధాలు రాలేదు. నేనూ వెతకలేదు. పటేల్ అంతకు ముందే మంచంలో పోయాడని విన్నాను.

రాయి మాటను దాచుకుంటుందని చదువుకున్నాయన ఒకరు నాతో అన్నారు. దాచుకుంటే, ఏడాది పొడుగునా అక్కడ మేకలు తోలేవాళ్లకు ఎందుకు వినిపించలేదు? తర్వాత అన్నేళ్లు ఆ తల్లి గొంతు చించుకుంటే ఎందుకు పలకలేదు? దయ్యమే అనుకుందామంటే, కన్నతల్లి పిలుస్తుంటే ఆమె భాషలో ఒక్క మాటైనా అనని దయ్యమేమిటి? ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆ గొంతు వినిపించిన రోజు ఒక్కటే పటేల్ మా వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇంతకు మించి నాకేమీ తెలియదు.

ఆగమని ఆయన అన్నది పటేల్‌తో. ఆగింది నేను.